మగ్గుతో వాన

ముందు వెళ్తున్న లారీ టైరు కింద నుంచి కంకర రాయి ఎగిరి కారు ముందద్దానికి తగిలింది. కందిగింజంత చుక్క పడింది, అంతే. మర్నాడు ఎండలో మాడిన బండిలో కూర్చుని ఏసీ వేయగానే ‘టిక్’ మంది. చుక్క కాస్తా అడ్డంగా మూరెడు పగులైంది. చుక్కగా ఉన్నప్పుడే రెజిన్ నింపిస్తే సరిపోయేదని నాకు చెప్పనివాళ్లు పాపాత్ములు.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి 17 అక్షరాల ఛాసిస్ నంబర్ చదివాను. వాళ్లు గ్లాస్ వాళ్లకు కలిపారు. మళ్లీ 17 అక్షరాలూ చదివాను. బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ అందులోనే ఉంటాయంటారు. అయినా అవతలి అమ్మాయి ఆగితేనా!

“చప్పుడు తగ్గించే అకౌస్టిక్ గ్లాసా సర్, మామూలుదా? పైన షేడ్ గ్రీనా, బ్లూనా? అద్దం వెనక కెమెరా ఉందా? కంపెనీ గ్లాస్ కావాలా, ఆఫ్టర్‌మార్కెట్‌దా?”

ఇన్నేళ్లుగా అద్దంలోంచి రోడ్డు చూశానే గానీ అద్దాన్ని చూసిన పాపాన పోలేదు. షేడ్ ఒక కంటికి ఆకుపచ్చగా, ఇంకో కంటికి నీలంగా కనిపించింది. కెమెరా మాత్రం లేదని గట్టిగా చెప్పాను. ఉంటే అద్దం మార్చాక దాన్ని క్యాలిబ్రేట్ చేయించడం, అంటే దాని గురి మళ్లీ సరిచేయించడం, మరో తతంగం.

“రెయిన్ సెన్సర్ ఉందా సర్?”

“తెలీదమ్మా. వాన కూడా లేదు.”

“నీళ్లు పోసి చూడండి సర్, లైన్‌లో ఉంటాను.”

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, బకెట్, స్టీలు మగ్గు తెచ్చాను. కారు ఆన్ చేసి వైపర్ మీటను ఒక గీత కిందికి లాగి, వచ్చి నీళ్లు చల్లాను. వైపర్ ఠక్కున లేచి ఆ నీళ్లన్నీ నా మొహాన కొట్టింది.

“ఉందమ్మా!” అని అరిచాను. అంతలో, నేను నీళ్లు పోయకుండానే, అది మళ్లీ ఊగింది. “లేదమ్మా.” మళ్లీ పోశాను, ఊగలేదు. తుడుచుకుందామని వంగితే ఊగింది.

“ఉందా లేదా సర్?” ఆ గొంతులో విసుగు చూడాలి, నేనేదో దాస్తున్నట్టు.

మీట మీద ఉన్నది ‘ఆటో’ కాదనీ ‘ఇంట్’ అనీ, అంటే వాన ఉన్నా లేకపోయినా కాసేపటికోసారి దానంతటదే ఊగుతుందనీ అప్పటికి నాకు తట్టలేదు. పైగా సెన్సర్ అనేది ఉంటే వెనక చూసే అద్దం దగ్గర, గాజుకు లోపలివైపు అతుక్కుని ఉంటుంది. గాజులోకి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది. పైన నీటిచుక్కలుంటే కొంత కాంతి బయటికి జారుకుంటుంది, దాన్ని బట్టి వాన లెక్క కడుతుంది. నా చెయ్యి అంత ఎత్తు అందక నేను పోస్తున్నదంతా అద్దం అడుగున. ఎదురింటాయన గేటు పట్టుకుని చాలాసేపు చూసి, “బండికి జ్వరమా?” అన్నాడు.

అమ్మాయి సూపర్‌వైజర్‌ని అడుగుతానని హోల్డ్‌లో పెట్టింది. ఆ సంగీతం వింటూ పగులు చూస్తూ నిలబడ్డాను. ఇంత పగిలినా ముక్క రాలలేదంటే, రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండబట్టే. 1903లో ఎదువార్ బెనెడిక్టుస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గాజు సీసా ఒకటి కింద పడి, పగిలి కూడా విడిపోలేదట. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కల్ని పట్టేసిందట. ఆయనకు సీసా పడితే 1909లో పేటెంట్ వచ్చింది. నాకు మగ్గు జారితే బానెట్ మీద గీత పడింది.

చివరికి ఏం రాసుకుందో తెలీదు, “నోటెడ్ సర్” అంది.

గ్లాస్ బిగించే కుర్రాడు వచ్చాడు. తీగతో పాత జిగురు కోసి, అద్దం ఊడదీసి, కొత్త జిగురు చుట్టూ పట్టించి, కొత్తది కూర్చోబెట్టాడు. సెన్సర్‌కి చోటు లేదు, కెమెరాకి చోటు లేదు, అచ్చం పాతదానిలాగే ఉంది. “ఇంత కరెక్ట్‌గా ఎలా తెచ్చావు బాబూ?” అని అడిగాను.

“ఛాసిస్ నంబర్ కొడితే వచ్చేస్తుంది సర్,” అన్నాడు టేపు అతికిస్తూ.

కార్లోకెక్కి తలుపు ధడేల్‌మని వేయబోయాను.

“నెమ్మదిగా సర్! జిగురు ఆరేదాకా తలుపు గట్టిగా వేయకూడదు.”