చైనా విద్యార్థులూ ‘షుడ్’ మీద నింద

“చైనా భాషలో మోడల్ క్రియలే లేవు. పైగా అది ఆజ్ఞల సంస్కృతి. అందుకే అక్కడి విద్యార్థులు ఎంత చదివినా ఇంగ్లీషులో షుడ్, మస్ట్ దాటి రాలేరు.” ఈ మాట ఎంతోమంది పంచుకుంటున్నారు. మోడల్ క్రియలంటే ‘గలను’, ‘వచ్చు’, ‘తీరాలి’ లాంటి అర్థాలనిచ్చే కెన్, మైట్, మస్ట్ వంటి సహాయక క్రియలు. ఆ విద్యార్థుల రాతలో షుడ్, మస్ట్ ఎక్కువగానూ, వుడ్, మైట్ తక్కువగానూ కనిపించే మాట నిజమే. చెబుతున్న కారణాలే తప్పు.

మోడల్ క్రియలు లేవనడం శుద్ధ అబద్ధం. నెంగ్, హుయ్, కెయి, యింగ్‌గాయ్, బిషూ అన్నీ అవే. చిక్కంతా వాటి హద్దులు ఇంగ్లీషు హద్దులతో కలవకపోవడంలో ఉంది. ఈత నేర్చినవారు చెప్పుకొనేది హుయ్‌తోనే, రేపు వాన పడుతుందని చెప్పేదీ హుయ్‌తోనే. మన ‘వచ్చు’ తీరూ దాదాపు ఇంతే: ‘నాకు ఈత వచ్చు’, ‘రేపు వాన రావచ్చు’. హుయ్ వచ్చే ఈత మాటకు ఇంగ్లీషు కెన్, వాన మాటకు విల్ అడుగుతుంది. హుయ్ పక్కన ఒకే అర్థం రాసుకున్న పిల్లలు తడబడరా? బిషూతో మరీ కష్టం. దాని అర్థం ‘తీరాలి’, అంటే మస్ట్. దానికి వ్యతిరేకంగా వాడే బుబీకి ‘అక్కరలేదు’ అని అర్థం. మస్ట్‌కు నాట్ చేరిస్తే మాత్రం ‘కూడదు’ అయిపోతుంది. ‘మీరు రానక్కరలేదు’ అనబోయి ‘రాకూడదు’ అని రాసిన విద్యార్థిని మొరటువాడనడం ఎంత అన్యాయం!

వుడ్, కుడ్ అందకపోవడానికి వేరే కారణం ఉంది. చైనా క్రియలు కాలాన్ని బట్టి రూపం మారవు. ‘కుడ్ అంటే కెన్‌కు గతరూపం’ అని నేర్పి వదిలేస్తే, ‘కాస్త సాయం చేయగలరా’ అనే మెత్తదనం అందులో ఉందని వారికెలా తెలుస్తుంది?

ఆజ్ఞల సంస్కృతి మాట నన్ను ఎక్కువ బాధించింది. ‘బహుశా’కు సరిపోయే కెనెంగ్, యెషూ ఆ భాషలో నిత్యం వాడే మాటలు. వాక్యం చివర ‘బా’ చేర్చి ఆదేశాన్ని సలహాగా మెత్తబరుస్తారు కూడా. షుడ్ ఎందుకు పెరిగిందో తెలియాలంటే గావోకావో, అంటే అక్కడి కళాశాల ప్రవేశ పరీక్ష, ఇంగ్లీషు ప్రశ్నపత్రం చూడాలి. లీ హువా అనే కల్పిత విద్యార్థి పేరుతో ఉత్తరం రాయమంటారు, అది తరచు విదేశీ మిత్రుడికి సలహా చెప్పే ఉత్తరం. సలహా అడిగితే షుడ్ రాకేం చేస్తుంది?

ఇక ‘దాటి రాలేరు’ అన్న తీర్పు. 1997లో హైలాండ్, మిల్టన్ అనే పరిశోధకులు హాంకాంగ్ విద్యార్థుల వ్యాసాలను బ్రిటిష్ విద్యార్థుల వ్యాసాలతో పోల్చారు. హాంకాంగ్ విద్యార్థులు కొద్ది మాటలతోనే సరిపెట్టుకుంటున్నారనీ, తమకు ఎంత నమ్మకముందో సరిగ్గా తూచి చెప్పడం వారికి కష్టమవుతోందనీ తేలింది. ఆ తూకం నేర్పదగినదే. ‘పడుతుంది’, ‘పడవచ్చు’, ‘పడినా పడవచ్చు’ లాంటి మెట్లను ఒకే వాన గురించి ఇంగ్లీషులో పక్కపక్కన రాయించి చూడండి.