ముడత పోవాలి, ఊపిరిదేముంది

నుదుటి మీద ముడత అంటే ఎమర్జెన్సీ. ఊపిరి ఆడకపోవడం అంటారా, అది కాసేపు ఆగొచ్చు. బొటాక్స్ అంటే బొటులినమ్ అనే విషంతో చేసే, ముడతలు పోగొట్టే సూదిమందు. దాని డబ్బాలో మడిచి పెట్టే కాగితంలో నల్లగా గడి గీసి మరీ ఊపిరి సంగతి రాశారు గానీ, అది విప్పి చదివే తీరిక ఎవరికుంది, చదువుతూ కనుబొమలు ముడిస్తే మళ్లీ సూది ఖర్చు.

2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టించిన హెచ్చరిక అది. మందు పొడిచినచోటే బుద్ధిగా కూర్చోకుండా ఒక్కోసారి ఒంట్లోకి పాకుతుందట. మింగుడు పడదట, మాట ముద్దగా వస్తుందట, ఊపిరి అందక ప్రాణం మీదికీ రావచ్చట, అదీ గంటల్లోనే కావచ్చు, వారాల తర్వాతా కావచ్చు. పాపం మందు తప్పేముంది? నరం నుంచి కండరానికి వెళ్లే కబురు ఆపడమే దాని ఉద్యోగం. అది కనుబొమ కండరమా, ఊపిరి తీసే కండరమా అని విచారించడం దాని జాబ్ చార్టులో లేదు.

నకిలీది కాని అసలు మందు, కనుబొమల మధ్యకు చెప్పిన 20 యూనిట్ల డోసు అయితే అలా పాకి ప్రమాదమైనట్టు కచ్చితంగా తేలిన కేసులు లేవని కూడా ఆ కాగితమే అంటుంది. కానీ అందులో డిస్కౌంటు ఏది?

2004లో ఫ్లోరిడాలో లైసెన్సు సస్పెండ్ అయిన ఒక డాక్టరు, మనుషులకు వాడకూడదని రాసి ల్యాబులకు అమ్మే ముడి విషాన్ని సూదిలోకి ఎక్కించాడు. నలుగురు వెంటిలేటర్ మీదికి చేరారు, అందులో ఆయనా ఒకరు. తన సరుకు తనే వాడే వ్యాపారి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు చెప్పండి! 2024 ఏప్రిల్ నాటికి అమెరికాలోనే 11 రాష్ట్రాల్లో 22 మంది ఇళ్లలో, స్పాల్లో, లేదా శిక్షణ లేనివాళ్ల చేత పొడిపించుకుని జబ్బుపడ్డారు, సగం మంది ఆసుపత్రిలో చేరారు.

సౌదీలో 2021లో ఒంటెల అందాల పోటీ నుంచి బొటాక్స్ వగైరా చేయించారని 40కి పైగా ఒంటెల్ని వెళ్లగొట్టారు. ఒంటెకైతే ఎక్స్‌రే తీసి చూస్తారు. మనమేమో, బెండకాయ కొన విరిచి చూడనిదే కొననివాళ్లం, సీసా మీద లేబుల్ చూపించమనడానికి మొహమాటపడతాం, పార్లర్‌లో ఏసీ ఉంది కదా.

సూది తర్వాత గుటక పడకపోతే పార్లర్‌కి ఫోన్ చేయండి, 'సెట్ అవుతుంది మేడమ్' అంటారు. ఆసుపత్రికి పరుగెత్తితే అక్కడిచ్చే విరుగుడు మందు, యాంటీటాక్సిన్, రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. అప్పటికే నరంలో దిగింది మాత్రం నెలల తరబడి కదలదు. ఆఫర్‌లో చెప్పిన గ్యారంటీ అదే.