కోరింగకు ఒక ఉదయం కేటాయించండి

అమెరికాలోని మన తెలుగువాళ్ళ ఉగాది సభలో, మనమంతా కలిసి ఆంధ్రకు వెళ్ళిన డిసెంబరు యాత్ర వీడియో వేశారు. ద్రాక్షారామానికీ అంతర్వేదికీ చప్పట్లు మోగాయి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి వచ్చేసరికి స్టేజి మీద నుంచే ఒక మాట వినపడింది: "బురద తప్ప అక్కడేముందండీ? వచ్చే ఏడు తీసేస్తున్నాం." హాలంతా నవ్వింది. ఆ నవ్వు నన్ను ఇంకా బాధపెడుతూనే ఉంది.

యాత్రలో కోరింగ దగ్గర మనం బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. చాలామంది స్పీకరు పట్టుకుని నేరుగా పడవెక్కారు. మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దావిడ, అమెరికాలోనే పుట్టిన ఆవిడ మనవరాలు, నేను చెక్కబాట మీద ఉండిపోయాం. సముద్రపు ఆటుకు కాలవలో నీళ్ళు తీసి ఉన్నాయి. పక్క ఊరి గైడు కుర్రాడు మా దగ్గరికొచ్చి, "కాసేపు కదలకుండా నిలబడండమ్మా, పోటెక్కితే ఇవేవీ కనపడవు" అన్నాడు. నిలబడ్డాం. బురదలో కన్నాల్లోంచి పీతలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కొన్నిటికి ఒక డెక్క మాత్రమే పెద్దది. చిన్న చేపలు రెక్కల మీద పాకుతూ, గెంతుతూ కనపడ్డాయి. "నీళ్ళు లేకుండా చేప ఎలా బతుకుతోంది అమ్మమ్మా?" అని పిల్ల అడుగుతూనే ఉంది. నల్లమడ చుట్టూ నేలలోంచి నిటారుగా పొడుచుకొచ్చిన వేళ్ళు చూపించి, గాలాడని బురదలో ఆ చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుందని ఆ కుర్రాడు చెప్పాడు. తిల్ల చెట్టు పాలు కళ్ళలో పడితే ప్రమాదమని పిల్లను దూరంగా నిలబెట్టాడు. పెద్దావిడేమో చిన్నప్పుడు దగ్గర్లోని చొల్లంగికి అమావాస్య స్నానానికి వచ్చి, వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని మునిగిన సంగతి చెబుతూ కూర్చున్నారు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల మునిగే సప్తసాగర యాత్రను చొల్లంగిలో మొదలుపెట్టి అంతర్వేది దాకా వెళ్ళిన ఆ కాలం ముసలమ్మలు బురద తొక్కడానికి వెనకాడలేదు.

కమిటీ ఇబ్బంది నాకు తెలుసు. ఉన్న రోజులు తక్కువ, ఎండ ఎక్కువ, గుళ్ళ జాబితా పెద్దది. జంతువులు కనపడలేదని కొందరన్న మాటా నిజమే. కానీ అక్కడి బావురుపిల్లి చేపలు పట్టేది ఎక్కువగా రాత్రిపూట. మధ్యాహ్నం పాటల హోరులో వెళితే నీటికుక్కలైనా పైకొస్తాయా? ఫ్లోరిడా చిత్తడి నేలల ఎవర్‌గ్లేడ్స్‌లో గొంతు తగ్గించి మాట్లాడి, చెత్త సంచిలో వేసుకుని తెచ్చుకునే మనమే కోరింగలో పులిహోర తిన్న ప్లేట్లు కాలవలోకి విసిరాం. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

1978 నుంచి కోరింగ అభయారణ్యం, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండే కాకినాడ రేవుకు సముద్రపు అలల నుంచి అడ్డు. ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. మనలాంటి వలసవాళ్ళకు ఇంకో సంగతి ముఖ్యం. 1839 తుపానుకు దెబ్బతిన్న కోరంగి రేవు ఈ కోరింగే. మారిషస్‌కు, బర్మాకు కూలికి వెళ్ళిన మనవాళ్ళకు అక్కడ ఈ రేవు పేరే పడింది. మన పిల్లలకు ఆ కథ చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది?

అందుకే అడుగుతున్నాను. వచ్చే డిసెంబరులో కోరింగకు ఒక ఉదయం పూర్తిగా ఇవ్వండి. నీళ్ళు తీసే వేళ కనుక్కుని బయల్దేరదాం. చిన్న చిన్న గుంపులుగా నడుద్దాం, గుంపుకొక ఊరి గైడును పెట్టుకుందాం. స్పీకర్లు బస్సులోనే ఉంచుదాం. అదనపు ఖర్చు అడ్డమైతే గైడుల డబ్బు నేనిస్తాను. తేదీలు ఖరారు చేసే ముందు నాకొక్క ఫోన్ చెయ్యండి.