ఇంట్లో ఎలుకలు పెంచితే తప్పేంటి?

నెల్లూరులోనో ఒంగోలులోనో ఏదో అపార్ట్‌మెంట్‌లో ఒక కుర్రాడు బాల్ పైథాన్ అనే విదేశీ పామును పెంచుతున్నాడని తెలిస్తే పక్క ఫ్లాట్ల పిల్లలు సెల్ఫీల కోసం తలుపు తడతారు. దాని తిండికి బాల్కనీలో తెల్ల ఎలుకలు కూడా పెంచుతున్నాడని తెలిస్తే పెద్దవాళ్లు అసోసియేషన్ మీటింగ్ పెడతారు. పాము ముద్దొచ్చింది, దాని కూడు మాత్రం రోత పుట్టింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే జనం కదా, పాము నిజంగా ఏం తింటుందో గుర్తుచేస్తే మనకు ఇబ్బందిగానే ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. చట్టప్రకారం పాము ఉన్నవాడు దానికి కావలసిన ఎలుకల్ని ఇంట్లోనే పెంచుకోవడం మంచిది. తప్పు వెతకాలనుకుంటే పొలం గట్టు మీదికి పోయి వెతకండి.

చట్టం గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి రెండు ముక్కలు చాలు. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతి సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంటే 2022 సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దానికి పిల్లలు పుట్టినా చెప్పాలి, అది చచ్చిపోయినా చెప్పాలి. పాముకు ఇంత లెక్క ఉంది, దాని తిండికి అందులో ఏ లెక్కా లేదు. ఒకప్పుడు ఎలుక ఆ చట్టంలో కాకితో పాటు హానికర జంతువుల జాబితాలోనైనా ఉండేది. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది.

ఎలుకల పెంపకం ఆటవిడుపు పనేం కాదు. ఒక మగ, రెండు మూడు ఆడ ఎలుకలు ఉంటే చాలు. మూడు వారాలకు ఈనుతాయి, ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. ఈనిన ఒక రోజులోపే మళ్లీ చూలు కట్టగలవు. పిల్లలు మూడు వారాలకు పాలు మానేస్తాయి, ఆరేడు వారాలకు అవే చూలు కట్టడానికి సిద్ధమవుతాయి. పామేమో వారానికో పది రోజులకో ఒక్కసారి తింటుంది. పాలు మానగానే మగ, ఆడ వేరుచేయకపోతే రెండు మూడు నెలల్లో డబ్బాలు చాలవు. మగ ఎలుక ఉచ్చ కంపు సామాన్యమైనది కాదు. కింద పరిచిన రంపపు పొట్టు తరచూ మార్చకపోతే అసోసియేషన్ వాళ్లదే న్యాయం అవుతుంది. ఇక రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ 42 డిగ్రీలు దాటితే బాల్కనీలో ఎలుక బతకదు.

అన్నిటికంటే ముఖ్యం, బతికున్న ఎలుకను పాము డబ్బాలో వదిలి వీడియో తీసే సరదా మానాలి. ఆకలిలేని పామును ఎలుక కొరికి పుండ్లు చేస్తుంది. నొప్పి తెలియకుండా క్షణంలో చంపడం నేర్చుకుని, గడ్డకట్టించి, తినే రోజున గోరువెచ్చటి నీళ్లలో మెత్తబరిచి పెట్టాలి. ఏ తల్లీ దోసెల పిండి పక్కన ఆ పొట్లాలకు చోటివ్వదు కాబట్టి వేరే ఫ్రిజ్ కొనాలి. అది కొనలేనివాడు పామును తెచ్చుకోకూడదు.

జీవహింస అంటారు, రోగాలంటారు. ఆదివారం పొద్దున్నే చికెన్ కొట్టు ముందు నిలబడే ఊళ్లో మొదటి వాదన ఎంతసేపు నిలుస్తుందో మీకే తెలుసు. రెండోదాంట్లో కొంత నిజముంది. విరేచనాలు పట్టించే సాల్మొనెల్లా క్రిమి పాము నుంచీ వస్తుంది, ఎలుక నుంచీ వస్తుంది. చేతులు కడుక్కోవాలి, పసిపిల్లల్ని దూరంగా ఉంచాలి. ఎలుక జ్వరం భయం మాత్రం డబ్బాలో పెరిగిన ఎలుక కంటే మురుగుకాలవ ఎలుకతోనే ఎక్కువ.

ఇంత తంటా ఎందుకు, పెన్నా కాలువల కింద పొలాల్లో ఎలుకలకు కొదవా అని అడిగేవాళ్లున్నారు. అసలు విషయం ఇక్కడే ఉంది. తెలిసినవాడెవడూ పొలం ఎలుకను తన పాముకు పెట్టడు. అది ఏ మందు తిన్నదో అని టెన్షన్. ఆ టెన్షన్ నూటికి నూరుపాళ్లు సరైనదే. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు పొడి 2 పాళ్లు కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో పెట్టడం ప్రతి రైతుకూ తెలిసిన పద్ధతే. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టక, నాలుగైదు రోజులు మందకొడిగా తిరిగి చస్తుంది. అలా తిరిగే ఎలుకే గుడ్లగూబకు, జెర్రిపోతుకు సులువుగా దొరుకుతుంది. ఈ జాతి మందుల అవశేషాలు గుడ్లగూబల కాలేయాల్లో చాలా దేశాల్లో బయటపడ్డాయి.

వేలు పోసి కొన్న పాముకు పనికిరాని ఎలుక, ఊరికే మన పంట కాపలా కాసే పాముకు ఎలా పనికొస్తుంది? ఆ ఎలుకనే తినే యానాది గిరిజన కుటుంబం సంగతేంటి? ఈ జిల్లాల్లో గట్టు చూసి ఏ బొరియలో ఎలుక ఉందో చెప్పగలిగింది యానాదులు. పొగబెట్టి, తవ్వి, ఎలుకల్ని పట్టి, అవి దాచిన వడ్లు ఇంటికి తీసుకుపోయేవాళ్లు. మందు పెట్టిన పొలంలో ఆ కూరా నమ్మకం కాదు, ఆ వడ్లూ నమ్మకం కాదు.

సరిహద్దు దాటితే తమిళనాడులో ఇరులర్ గిరిజనులు 1978లోనే పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్లు తీసిన విషంతో పాముకాటు మందు తయారవుతోంది. అదే రకం విద్య ఉన్న మన యానాదులకు మనమిచ్చింది చేపల చెరువుల దగ్గర కాపలా పని. గోదావరి, కృష్ణా డెల్టాల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లకు పట్టిన ఎలుకకు ఇంత అని రైతులు డబ్బులిస్తారు. ఆ పద్ధతిని వ్యవసాయ శాఖ ఇక్కడ తన సొంత ఖర్చుతో నడపాలి. నాట్లకు ముందు, గట్లు బయటికి కనిపించే రోజుల్లో వాళ్లను పిలవాలి. అప్పటికీ మందు తప్పదనుకుంటే తర్వాత పెట్టండి. ఏ గట్టున పెట్టారో ముందురోజే యానాది కాలనీలో టముకు వేయించి మరీ పెట్టండి.