గుడ్లగూబ గొడవ

లండన్‌లో అక్కావాళ్లింట్లో మొన్న రాత్రి జరిగింది. బావ ఫోన్లో పాత నాణేల వేలంపాట కేటలాగు చూస్తున్నాడు, అక్క వంటింట్లోంచి సగం సగం వింటోంది, నేను పప్పన్నం కలుపుకుంటూ నోరు మూసుకున్నాను.

బావ: అబ్బ! ఏథెన్స్ గుడ్లగూబ అమ్మకానికొచ్చిందే. ఇలాంటివి ప్రపంచం మొత్తం మీద పదుల్లోనే ఉన్నాయి.

అక్క: కుక్కపిల్లని తెద్దామంటే వద్దన్న మనిషికి గుడ్లగూబ కావాల్సొచ్చిందా?

బావ: కొనడానికి అంత డబ్బెక్కడిదే! చూడు, రెక్కలు విప్పి మనవైపే చూస్తోంది.

అక్క: పంజరం తలుపు వేసుందో లేదో చూడండి ముందు. ఎంత బరువుంటుందేమిటి?

బావ: 43 గ్రాములు.

అక్క: అయ్యో, పిల్ల!

బావ: పిల్లేమిటే, క్రీ.పూ. 5వ శతాబ్దానిది.

అక్క: అమ్మేవాడు చెప్పాడా? ఎవడేం చెప్పినా నమ్మేయడమే మీకు.

బావ: ఏథెన్స్ దగ్గర లారియన్ గనుల సరుకే అయ్యుంటుంది.

అక్క: గనుల్లో ఉండేది గబ్బిలమండీ. మీకు గబ్బిలాన్ని అంటగడుతున్నారు.

బావ: లోపల రాగి ఉందేమోనని కొన్నిటికి ఉలితో గాటు పెట్టేవారు, దీనికి అదీ లేదు.

అక్క: మూగజీవాన్ని కోసి చూస్తారా! ఒరేయ్, నువ్వయినా చెప్పరా మీ బావకి.

నేను ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

బావ: ఇటు తిప్పితే అమ్మాయి...

అక్క (గరిటెతో సహా బయటికొచ్చి): ఏ అమ్మాయి?

బావ: ఎథీనా. హెల్మెట్ పెట్టుకుని ఉంటుంది.

అక్క: స్కూటీ మీదొచ్చిందా?

బావ: నాణెమే తల్లీ! వెండి నాణెం! పది డ్రాక్మాలది! ఒకపక్క దేవత, ఇంకోపక్క గుడ్లగూబ!

అక్కకి ఇది అప్పుడే అర్థమైందంటే నేను నమ్మను. గబ్బిలం దగ్గరే అర్థమైపోయుంటుంది.

తను లోపలికెళ్లి పోపుల డబ్బా వెతికి, ఆవాలంటుకున్న బిళ్లొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

బావ: ఇది గ్రీసు వాళ్ల ఒక యూరో. దీని మీదది నాలుగు డ్రాక్మాల నాణెం గుడ్లగూబ, చూడు, రెక్కలు ముడుచుకునుంది... నీ దగ్గరెందుకుందే ఇది?

అక్క: ఏథెన్స్ మ్యూజియంలో అద్దానికి ముక్కు ఆనించి కదలకుండా నిలబడ్డారుగా, బయటికొచ్చాక చిల్లరలో వస్తే దాచాను. కావాలంటే పాట పాడండి. వారం రోజుల అంట్లతో మొదలు.

బావ: రెండు వారాలు!

అక్క: ఇంకెవరూ పాడకుండానే పెంచేస్తారేమిటండీ?

బావ: మూడు!

అక్క: ఒరేయ్, సాక్షివి నువ్వే. ఆ కంచం ఇటివ్వు, మీ బావ కడుగుతారు.