మిల్లీమీటరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మిల్లీమీటరు గారికి,

నమస్కరించి వ్రాయునది. బండి, మేము ఇక్కడ క్షేమం. తమరు మా ముందు చక్రాల్లో ఎక్కడ దాక్కున్నారో తెలియక ఈ ఉత్తరం.

మిగతా చోట్ల తమర్ని లెక్కచేసేవాళ్లు తక్కువ. తలుపు చెక్క తమరంత తేడాగా కోసినా వడ్రంగి "సర్దుకుంటుందిలెండి" అంటాడు. ముందు చక్రాలు తిన్నగా నిలిచాయో లేదో చూసి సరిచేసే వీల్ అలైన్‌మెంట్ దగ్గర మాత్రం తమరిదే దర్బారు. రెండు ముందు టైర్ల మధ్య దూరం ముందువైపు ఎంతుందో, వెనకవైపు ఎంతుందో కొలిచి చూస్తే వచ్చే తేడాకు టో అని పేరు. చాలా కార్లలో అది సున్నా దగ్గర్లోనే ఉండాలి. 600 మిల్లీమీటర్ల ఎత్తున్న టైర్లకు తమరు ముగ్గురు అదనంగా వచ్చి చేరారనుకోండి, కిలోమీటరు నడిచేసరికి ఒక్కో చక్రం రెండున్నర మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు లెక్క. రెండూ ఎదురెదురుగా తోసుకుంటాయి కాబట్టి బండి తిన్నగానే పోతుంది, స్టీరింగ్ కిక్కురుమనదు. టైరు మీద అరచేయి అడ్డంగా రాస్తే పోయేటప్పుడు నున్నగా ఉండి, వచ్చేటప్పుడు గీసుకుంటుంది చూడండి, అదే తమరి సంతకం.

తమర్ని పట్టుకోవడానికి మా దగ్గరున్నవి టేపు, దారం, ఒక మేకు. తమరు టేపులోనే దాక్కున్నారని మొదట అనుమానించాం. కొనన ఉన్న కొక్కెం లొడలొడలాడుతుంది. అయితే అది కొక్కెం మందాన్ని సరిపెట్టడానికి కావాలని వదిలిన ఆటేనట. నమ్మకం కుదరక 100 గీత దగ్గర్నుంచి కొలవడం మొదలుపెట్టాం. తమరు రిమ్ములోకి మారారు. రిమ్ము కాస్త వంకరైతే చాలు, చక్రం తిప్పినప్పుడల్లా కొత్త కొలత. సరే, చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పుతూ టైరు నడుమ మేకు కొనతో సన్నని గీత గీశాం, ఇక ఆ గీత నుంచే కొలత. జాకీ దించాక కొలత మళ్లీ మారింది! సస్పెన్షన్ కుదురుకోలేదన్నమాట. బండిని కొంచెం ముందుకీ వెనక్కీ నెట్టాలి. నేల ఏటవాలుగా ఉన్నా, టైర్లలో గాలి సమానంగా లేకపోయినా తమరికి పండగే.

ఆపై దారం. బండికి రెండువైపులా, సమాంతరంగా, చక్రం నడిమధ్య ఎత్తులో కట్టాలి. ముందు చక్రాల మధ్య వెడల్పు, వెనక చక్రాల మధ్య వెడల్పు చాలా బండ్లలో ఒకటే ఉండవు కాబట్టి దారాన్ని టైర్లకు ఆనించి కట్టేస్తే పని చెడినట్టే. స్టీరింగ్ తిన్నగా పెట్టి కదలకుండా కట్టేసి, దారం నుంచి రిమ్ము ముందు అంచుకీ వెనక అంచుకీ కొలవాలి. ఇంత చేశాక ఎవరో ఒకరు దారాన్ని కాలితో తన్నకుండా ఈ కార్యక్రమం పూర్తయిన దాఖలా ఎక్కడా లేదు.

తేడా సరిచేద్దామని, చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే కడ్డీ టై రాడ్‌ను పావు చుట్టు తిప్పితేనే తమరు బంధువుల్ని వెంటేసుకుని వస్తారు. రెండువైపులా సమానంగా తిప్పకపోతే స్టీరింగ్ వంకర. అన్నీ కుదిరాయనుకుని, రాడ్డు కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ బిగిస్తుంటే, దాంతోపాటు రాడ్డు కాస్త తిరిగి తమరు మళ్లీ ప్రత్యక్షం! ఇదేం పెద్దమనిషి తరహా అండీ?

వర్క్‌షాపు కంప్యూటర్ దగ్గర తమరు వేషం మార్చి డిగ్రీలంటారు. దశాంశం తర్వాత రెండంకెలు, పక్కన ఆకుపచ్చ రంగు. ఆ రంగు చూసి సంతృప్తిపడి డబ్బు కట్టేవాళ్లలో చక్రం దగ్గరి కీళ్లు, అంటే బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ వదులయ్యాయేమో ఊపి చూడమన్నవాళ్లు ఎందరు? నిలబెట్టిన బండిలో కుదురుగా కనబడే కీలు రోడ్డు మీద తన ఇష్టం వచ్చినట్టు కదులుతుంది. ఈ విషయంలో మా దారమూ అమాయకురాలే, వాళ్ల కంప్యూటరూ అమాయకుడే.

తమరి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వేగం పెరిగితే స్టీరింగ్ వణుకుతోందని తమర్ని తిట్టేవాళ్లున్నారు. అది ఎక్కువసార్లు బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా లేని వ్యవహారం. ఒక పక్కకి లాగితే ముందు గాలి చూడాలి, తర్వాత పట్టుకున్న బ్రేకేమో చూడాలి. ఎవరు ఏ తప్పు చేసినా ఎఫ్‌ఐఆర్ మాత్రం తమరి పేరు మీదే.

కాబట్టి మనవి ఏమనగా, లాక్ నట్ బిగిసే ఆ ఒక్క క్షణం కదలకుండా ఉండండి. ఆ తర్వాత గుంతలో పడేదాకా తమరికి సెలవు.

ఇట్లు,
టైర్లు కొనలేని బండి యజమాని

తా.క.: వెనక చక్రాల్లో తమరి అన్నదమ్ములున్నారని ఇప్పుడే తెలిసింది. వాళ్లు వంకరగా నడిస్తుంటే, అది లెక్కలోకి తీసుకోకుండా ముందు చక్రాలు సరిచేస్తే తిన్నగా పోయే బండిలో స్టీరింగ్ పక్కకి తిరిగే ఉంటుందట. వాళ్ల చిరునామా పంపగలరు.