పెద్దల్లో పెట్టేముందు ఓసారి చెరువు గట్టెక్కండి

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల మా ఊళ్లలో మొగుడూపెళ్లాలకి చెడితే రెండే దశలు. మొదట ఇంట్లో మాటలుండవు. తర్వాత పెద్దల్లో పెడతారు. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన మెట్టు ఒకటి కనబడదు. నా బాధంతా దాని గురించే.

మాటల్లేకపోవడమంటే ఏమిటో ఈమధ్య మా అన్నయ్య ఇంట్లో కళ్లారా చూశాను. పొద్దున్న ఎనిమిదింటికి రొయ్యల చెరువు మీంచి వచ్చాడు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. వదిన పళ్లెం పెట్టి, పక్కనున్న పిల్లాడితో అంది: "ఇడ్లీలోకి చట్నీ లేదు, కారప్పొడే ఉందని మీ నాన్నకి చెప్పు." అన్నయ్య తలెత్తకుండానే, "ఏదైనా పర్లేదని మీ అమ్మకి చెప్పరా" అన్నాడు. ఇద్దరి మధ్య మూడడుగుల దూరం. పిల్లాడు అటోసారి ఇటోసారి చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. అప్పటికి పదకొండు రోజులట.

"ప్రతిదానికీ కస్సుమంటున్నారు మీ అన్నయ్య" అంది వదిన. "గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఏదో ఒకటి అంటుందిరా" అన్నాడు అన్నయ్య. ఇద్దరూ చెప్పింది నిజమే. పెద్దమనుషులైతే తప్పెవరిదో తేల్చేవారు. నాకు మాత్రం ఇందులో తప్పుకంటే ముందు నిద్ర కనబడింది.

వనామి రకం రొయ్యల చెరువు రాత్రిపూట మనిషిని పడుకోనివ్వదు. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటిపడ్డాక అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయా, రొయ్యలు పైకి తేలిపోతాయి. గట్టు మీద షెడ్డులో పడుకున్నవాడు ఏరియేటర్ల చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. మూడు నాలుగు నెలల పంట కాలమంతా ఇదే తంతు. నిద్ర తెగిన మనిషికి ఓర్పు ఉండదు, చిన్నమాట కూడా పొడిచినట్టే ఉంటుంది. ఆ మనిషి ఇంటికొచ్చిన నిమిషంలోనే స్కూలు ఫీజు మాట ఎత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాగని ఆమె ఇంకెప్పుడు ఎత్తాలి? ఆయన ఇంట్లో ఉండేదే ఆ కాసేపు.

నిద్ర తర్వాత అప్పు. మేత అరువు మీద తెస్తారు, రొయ్యలు పట్టి అమ్మాక తీరుస్తారు. 2025 ఆగస్టులో మన ఎగుమతుల మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఇక్కడి గట్ల మీదా పడింది. కౌంటు ధర, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర, పడిన సంగతి ఊరందరికీ తెలుసు, మేత కొట్లో బాకీ ఎంతో ఇంట్లో ఆడవాళ్లకి తెలియదు. "దానికెందుకు లేనిపోని బెంగ" అంటారు మగవాళ్లు. ప్రేమతోనే అంటారు, నేను కాదనను. కానీ బెంగ దాచినా విసుగు దాగదు. ఆమెకి కనబడేది విసుగొక్కటే, దాని వెనక ఏముందో ఆమె ఊహించుకుంటుంది. ఆ ఊహ ఎప్పుడూ అసలు సంగతికంటే చెడ్డగానే ఉంటుంది.

కోనసీమ వైపు కువైట్‌కో మస్కట్‌కో ఒకరు వెళ్లిన ఇళ్లలో ఇదే కథ ఫోన్లో నడుస్తుంది. పంపిన డబ్బు ముట్టిందా లేదా అన్నంతవరకే మాటలు.

పెద్దమనుషుల్ని తీసిపారేయను. విడిపోయేవాళ్లని ఒకచోట కూర్చోబెట్టగలిగేది చాలా ఊళ్లలో వాళ్లే. కానీ వాళ్లు కూర్చునేది తీర్పు చెప్పడానికి. చివరికి "సర్దుకుపోవాలమ్మా" అన్నమాట ఆడపిల్ల వైపే వస్తుంది. చెయ్యి చేసుకున్నచోట కూడా అదే మాట చెప్పడం అన్యాయం. కొట్టడాన్ని కాపురంలో గొడవ కింద లెక్కెయ్యకూడదు, దానికి 2005 నాటి గృహహింస చట్టం ఉంది, ఆడవాళ్ల సాయానికి 181 ఫోన్ నంబరు ఉంది.

కొట్టడం దాకా రాని ఇళ్లకి కావలసింది ఆ మధ్య మెట్టు. అన్నయ్యకి నేను చెప్పింది మూడు ముక్కలు: పడుకుని లేచాక మాట్లాడు, బాకీ అంకె దాచకు, పిల్లాడి చేత కబుర్లు పంపకు. గుండెల్లో దడ, నిద్రపట్టకపోవడం వారాల తరబడి పోకపోతే 14416కి ఫోన్ చెయ్యమన్నాను. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది, మనసు బాధలకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం. పైసా ఖర్చుండదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. "నాకేమైనా పిచ్చా?" అన్నాడు. మా జిల్లాల్లో ఈ మాట ఎంతమందిని ఫోన్ దాకా వెళ్లకుండా ఆపుతోందో తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

ఫోన్ చెయ్యలేదు గానీ, ఆ మధ్యాహ్నం లేచాక మేత కొట్టు ఖాతా పుస్తకం తెచ్చి వదిన ముందు పెట్టాడు. ఆమె ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివింది. ఏమీ అనలేదు, పుస్తకం మూసి లోపలికెళ్లింది.

ఆ రాత్రి నేనూ షెడ్డులోనే పడుకున్నాను. నాలుగు కావొస్తుండగా ఏరియేటర్లు ఆగాయి. అన్నయ్య చీకట్లో చెప్పులు వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది, స్పీకర్ నొక్కి మంచం మీద పడేశాడు.

"ఏవండీ, ఇక్కడ ఫ్యాన్ ఆగింది. లేచారా?"